సారె బిందె మీద చిలుము

మా ఆవిడ మొదటి భర్తను నేనెప్పుడూ చూడలేదు. అయినా పద్నాలుగేళ్లుగా అతనితో ఒకే ఇంట్లో ఉంటున్నాను.

అతని పేరు కామేష్. కాకినాడ బస్సు కాంప్లెక్సులో అనౌన్సరుగా చేసేవాడు. "రాజోలు వెళ్లు ప్రయాణికులకు విజ్ఞప్తి" అని అతను మైకులో అంటే, రాజోలులో పనిలేనివాళ్లు కూడా లేచి నిలబడేవారట. మా వీధి చివర కిరాణా కొట్టతను నాకు ఇప్పటికీ చెబుతుంటాడు. చెప్పడంలో అతని ఉద్దేశం ఏమిటో దేవుడికి తెలియాలి. పెళ్లైన రెండో ఏడే కామేష్ విషజ్వరంతో పోయాడు. ఆ గొంతు ఎక్కడా రికార్డు కాలేదు. ఉన్నప్పుడు రోజూ వినిపించేదే కదా అని ఎవరూ పట్టించుకోలేదు.

అప్పటికి హైమకు ఇరవై ఆరేళ్లు. మూడేళ్ల తర్వాత మా అమ్మ ఎవరి ద్వారానో విని, వెళ్లి చూసి, వచ్చి నాతో అంది. "పిల్ల బంగారం. నీ మొహానికి ఇంతకన్నా దొరకదు. నోరు మూసుకుని చేసుకో." నోరు మూసుకునే చేసుకున్నాను. నేను నోరు తెరిచినా పెద్దగా లాభం ఉండదు. నా గొంతు ఎండుకొబ్బరి కోరినట్టు ఉంటుంది.

హైమ మా ఇంటికి రెండు పెట్టెలు, ఒక రాగి బిందె తెచ్చుకుంది. మొదటి పెళ్లికి పుట్టింటివాళ్లు పెట్టిన సారె బిందె అది. మా వైపు సారె సామాన్ల మీద పేర్లు కొట్టిస్తారు, ఉలితో, చుక్కలు చుక్కలుగా. బిందె మెడ చుట్టూ 'కామేష్ – హైమ' అని ఉంది. కాపురానికి వచ్చిన వారంలోనే చదివాను. మళ్లీ చదవనక్కర్లేకుండా గుర్తుండిపోయింది.

వచ్చిన రెండు మూడు నెలలకు ఆమె ఆ బిందెను వంటింటి అలమర పైకి ఎక్కించింది. ఇక దించలేదు. ఇంట్లో ఉన్న రాగీ ఇత్తడీ అంతా చింతపండు పెట్టి తళతళలాడేలా తోమే మనిషి, దాన్ని మాత్రం ముట్టుకోలేదు. కాకినాడ సముద్రపు గాలి ఊరుకుంటుందా. బిందె ముందు నల్లబడింది, తర్వాత పచ్చబడింది, ఆ తర్వాత పొరలు పొరలుగా చిలుము కట్టింది. పేర్లు కూడా చిలుము కింద పూడుకుపోయాయి. నాకు మాత్రం అవి అందులోంచి కనబడుతూనే ఉండేవి. అతని చెయ్యి తగిలిన వస్తువు కాబట్టి మైల పడనివ్వకుండా దాచుకుంది అనుకున్నాను. అన్నం తింటూ తలెత్తితే బిందె, మంచినీళ్లు ముంచుకుంటే బిందె. హైమ చూపు ఎప్పుడైనా పైకి వెళ్తుందేమోనని కాపలా కాసేవాణ్ణి.

అలమర కిందే మా అమ్మ పీట వేసుకుని కూరలు తరిగేది. వినేవాళ్లున్నా లేకపోయినా మాట్లాడుతూనే ఉండేది. ఫోను ఎదురుగా పెడితే మాత్రం నోరు కట్టేసుకునేది. మనిషి కనపడకుండా మాటలేంటని ఆవిడ వాదన. నా చూపులు ఆవిడ ఒకటి రెండుసార్లు పట్టేసింది. "బిందెకేసి అలా చూడకురా, దిష్టి తగులుద్ది" అని నవ్వింది. మూడేళ్ల క్రితం అమ్మ పోయింది. మాకు పిల్లలు లేరు. ఆ తర్వాత వంటింట్లో మాటలు బాగా తగ్గిపోయాయి.

ఇక నా ఉద్యోగం. నవ్వుతారేమోగానీ, నా ఉద్యోగం రాగి మీది చిలుము వదలగొట్టడమే. మా ల్యాబుకు పాత రాగి రేకులు, విగ్రహాలు, నాణేలు వస్తాయి. ఒకప్పుడు సన్నటి కత్తితో గీకేవాళ్లం. ఇప్పుడు లేజరు. వెలుగును చిన్న చిన్న దెబ్బలుగా కొడితే పచ్చపొర ఆవిరైపోతుంది. కింద ఎర్రటి రాగి తగలగానే వెలుగు వెనక్కి తిరిగిపోతుంది. లోహానికి గీత కూడా పడదు.

అలా ఆవిరయ్యేటప్పుడు ఒక మెరుపు వస్తుంది. ఆ మెరుపు వణుకుతోందని మొదట గమనించింది జుబేదా. మా ల్యాబులో రసాయన శాస్త్రవేత్త, నాకంటే పదిహేనేళ్లు చిన్నది, పదిహేను రెట్లు చురుకు. "సార్, ఈ వణుకు ఊరికే రావట్లేదు. దీనికో వరస ఉంది" అంది. రెండేళ్లు ఇద్దరం ఆ వరస వెంటపడ్డాం. చివరికి ఒక టీ కొట్టు బాయిలరు దగ్గర అది మాకు దొరికింది.

మెయిన్ రోడ్డులో అరవై ఏళ్లు నడిచిన టీ కొట్టు మూతపడితే, యజమాని తన రాగి బాయిలరును మాకు అరువిచ్చాడు. ముందు మెరిసే వైపు లేజరు కింద పెట్టాం. పావుగంట సేపు బుస్సుమన్న శబ్దం తప్ప ఏమీ రాలేదు. జుబేదా దాన్ని అటు తిప్పింది. గోడ వైపు ఉండే భాగం పచ్చగా పేరుకుపోయి ఉంది.

"ముందువైపు రోజూ తోముతామండి. వెనకాల ఎవడు చూస్తాడు" అన్నాడు యజమాని కొంచెం సిగ్గుపడి.

లేజరు పచ్చ మీద పడింది. స్పీకరులో మొదట వాన కురిసింది. అవును, వానే. తడిగాలిలోనే కదా చిలుము పెరిగేది. ఆ వాన వెనక నుంచి ఒక మనిషి గొంతు, "రెండు టీ. ఒకటి పంచదార తగ్గించు" అంది. "మా నాన్నండి" అని యజమాని స్పీకరుకు చెవి ఆనించాడు.

సంగతి ఇదీ. చిలుము కడుతున్నప్పుడు పక్కన ఎవరైనా మాట్లాడితే పల్చటి రాగి గోడ సన్నగా అదురుతుంది. ఆ అదురు అప్పుడే కడుతున్న పొరలో ఉండిపోతుంది. పొరను ఆవిరి చేస్తే మెరుపులో మళ్లీ బయటికి వస్తుంది. కంప్యూటరు దాన్ని గొంతుగా మారుస్తుంది. అన్ని మాటలూ దొరకవు, అక్కడో ముక్క ఇక్కడో ముక్క. పైగా ఒక్కసారే. చదివిన పొర ఇక ఉండదు. రికార్డు చేసుకుంటే మిగులుతుంది, లేకపోతే గాలిలో కలిసిపోతుంది. నెమ్మదిగా వలిస్తే గొంతు వస్తుంది, తొందరపడితే ఉత్త శుభ్రమే. వలిచేకొద్దీ పొరలు, వలిచినవాళ్లకు కన్నీళ్లు అని జుబేదా ఆ యంత్రానికి ఉల్లిపాయ అని పేరు పెట్టింది.

ఆ సాయంత్రం టిఫిను తింటూ హైమకు అంతా చెప్పాను. నా పని గురించి ఆమె అంత శ్రద్ధగా వినడం అదే మొదలు. పెనం మీద పెసరట్టు మాడిపోతున్నా చూసుకోలేదు.

"అయితే ఆ బిందెను కూడా ఓసారి పెడతారా అండీ" అంది. నేను తలెత్తలేదు. "పోయిన మనిషి గొంతు ఒక్కసారి వింటే చాలనిపిస్తాదండి. మాట గుర్తుంటుంది గానీ గొంతు మర్చిపోతన్నాను. అదే భయంగా ఉంటాది నాకు."

ఎవరి గొంతు అని అడగలేదు. అడగడానికి ఏముంది? ఆ బిందె మీద ఎవరి పేరుంది?

"చూద్దాంలే" అన్నాను. అల్లం పచ్చడి నోట్లో మంట పెట్టింది.

ఆ రాత్రి నుంచి నాకు నిద్ర పోయిందని చెప్పను. హాయిగానే నిద్రపోయాను, లేవగానే మాత్రం ముందు వంటింట్లోకి వెళ్లి బిందెకేసి చూసేవాణ్ణి. బతికున్నవాడితో అయితే పోటీ పడొచ్చు. వాడు ముసలివాడవుతాడు, బట్టతల వస్తుంది, పేపరు చదువుతూ పళ్లు కుట్టుకుంటాడు. చచ్చినవాడికి ఇవేవీ రావు. కామేష్ ఎప్పటికీ ఇరవై తొమ్మిదేళ్ల వాడే. ఇప్పుడు నా రెండేళ్ల కష్టంతో, నా యంత్రంతో, నేనే అతనికి గొంతు కూడా తెచ్చి ఇవ్వాలి. హైమ ఆ రికార్డు ఫోనులో పెట్టుకుని, నేను ఆఫీసుకు వెళ్లాక వింటుంది. పదకొండింటికి ఒకసారి, మూడింటికి ఒకసారి. అతను ఆమెను ఏమని పిలిచేవాడో? నేను "ఇదిగో" అని పిలుస్తాను.

నాలుగో రోజుకు తేల్చుకున్నాను. ఆ గొంతు నేను వింటాను. నేనొక్కణ్ణే. రికార్డు చెయ్యను. తర్వాత బిందె తెచ్చి, ఏమీ రాలేదు అని చెబుతాను. సిగ్గులేని పని అని తెలుసు. తెలిసే చేశాను.

ఆదివారం పొద్దున హైమ పక్కింటావిడతో అన్నవరం వెళ్లింది. వాళ్లు వీధి మలుపు తిరగగానే స్టూలు వేసుకుని బిందె దించాను. చేతులు పచ్చబడ్డాయి. గోనెసంచిలో చుట్టి స్కూటరు ముందు పెట్టుకుని ల్యాబుకు వెళ్తే, ఆదివారం కూడా జుబేదా అక్కడే ఉంది.

"ఎవరిదండి ఇది?"

"తెలిసినవాళ్లది."

ఆమె మీటరు పెట్టి పొర మందం చూసింది. "పల్చగా ఉంది సార్. పదమూడు పద్నాలుగేళ్లకు మించి ఉండదు."

"పంతొమ్మిదేళ్ల బిందె అది. వంటింటి జిడ్డుకు నీ లెక్క తప్పుద్ది."

"జిడ్డుంటే ఎక్కువ చూపించాలి గానీ తక్కువెందుకు చూపిస్తదండి" అంది. నేను బిందెను యంత్రంలో బిగించసాగాను. "సరే, రికార్డరు ఆన్ చెయ్యనా?"

"అక్కర్లేదు. ఊరికే శుభ్రం చేద్దామని."

జుబేదా నా మొహం కేసి చూసింది. "ఊరికే శుభ్రానికైతే చింతపండు చాలు కదా సార్."

"నువ్వెళ్లి భోంచేసి రా" అన్నాను. వెళ్లింది.

నా లెక్క నాకుంది. కామేష్‌తో రెండేళ్లు, ఒంటరిగా మూడేళ్లు, మొత్తం ఐదేళ్లు అడుగున ఉంటాయి. వాటి పైన నా పద్నాలుగేళ్లు. నావి తీసేస్తేగానీ అతను దొరకడు. నా పద్నాలుగేళ్లలో వినడానికి ఏముంది? కరెంటు బిల్లు, గ్యాసు, కూరలో ఉప్పు. పోతే పోనీ అనుకుని యంత్రాన్ని వేగంలో పెట్టాను.

బిందె మెల్లగా తిరుగుతోంది. చిలుము పొగలా లేచి గొట్టంలోకి పోతోంది. ఒక చోట మాత్రమే వలిచి ఆపేయొచ్చు, కానీ నాకు అది చాలదు. ఆమె కోసం ఒక్క ముక్క కూడా మిగలకూడదు. చుట్టూ తిప్పాను, అడుగు తిప్పాను, మూతి లోపల కూడా తిప్పాను. అంత వేగంలో స్పీకరులోంచి మాటలు రావు. పిచ్చుకల గుంపు వాలినట్టు కిచకిచలు వచ్చాయి. ఎంతసేపటికీ ఆ కిచకిచలు ఆగలేదు. చిరాకేసి శబ్దం తగ్గించాను.

పావు వంతు మందం మిగిలిందనగా ఆపి, వేగం తగ్గించి, శబ్దం పెంచాను. కుర్చీ దగ్గరకు లాక్కున్నాను. పద్నాలుగేళ్లుగా చూడని శత్రువును ఇప్పుడు వినబోతున్నాను.

చాలాసేపు వట్టి బుస్సే. ఇక అడుగు రాగి తగులుతుందనగా వాన మొదలైంది. పెంకుల మీద వాన. ఎక్కడో గిన్నె చప్పుడు. కత్తిపీట మీద ఏదో తెగుతున్న చప్పుడు, కరకర. తర్వాత గొంతు.

"ఏమే, అన్నీ తోమి బిందెను వదిలేశావేంటి? చేతులు నొప్పా?"

మా అమ్మ.

ఏదో పొరపాటు జరిగిందనుకున్నాను. అమ్మ గొంతు పైపొరల్లో ఉండాలి, ఇంత అడుగున ఎందుకుంటుంది? ఈలోగా హైమ గొంతు వచ్చింది. ఇప్పటి గొంతు కాదు. కొత్తగా వచ్చిన ఇంట్లో, కొంచెం భయపడుతూ మాట్లాడే గొంతు.

"నొప్పి కాదు అత్తయ్యా. అక్కడున్నన్నాళ్లూ రోజూ తోమేదాన్ని. ఒక్క మచ్చ పడనిచ్చేదాన్ని కాదు. ఇక్కడ తోముతుంటే మీ అబ్బాయి నా చేతులకేసే చూస్తన్నారు. పేర్ల దగ్గరకొచ్చేసరికి ఆయన మొహం చిన్నబోతంది. ఎందుకొచ్చింది, పైన పెట్టేస్తాను. చిలుము పడితే పేర్లూ కనపడవు, ఆయనా మర్చిపోతారు."

వాన. కత్తిపీట.

"నీ మంచితనం మండా. పుట్టింటోళ్లు పెట్టిన బిందె పాడుచేసుకుంటావా వాడి కోసం?"

"పాడైతే అయిందిలెండి."

"వాడు మర్చిపోయే రకం కాదే పిల్లా. చిన్నప్పుడు నేను పక్కింటోళ్ల పిల్లాణ్ణి ఎత్తుకున్నానని మూడు రోజులు అన్నం..." అని అమ్మ నవ్వింది. ఆ నవ్వు మధ్యలో నాకు తెలివి వచ్చింది. చెయ్యి రికార్డరు మీదకు పోయింది. ముందు లేజరు ఆపాలని తోచలేదు. రికార్డరు వెలిగేసరికి నవ్వు అయిపోయింది. బుస్సుమన్న శబ్దం తప్ప ఏమీ లేదు. టీ కొట్టు బాయిలరు ముందువైపు వచ్చిన శబ్దమే.

ముప్ఫయ్యేళ్లుగా రాగి మీద పని చేస్తున్నాను. చిలుము ఎలా పుడుతుందో, ఎంత మందాన పెరుగుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కానీ ఒక్క రోజు కూడా ఇంట్లో బిందె తోమలేదు. తోమి ఉంటే తెలిసేది. రోజూ తోమే బిందె మీద చిలుము ఉండదు. కామేష్‌తో ఉన్న రెండేళ్లూ హైమ దాన్ని రోజూ తోమింది, ఆ తర్వాత మూడేళ్లూ తోమింది. అతను మాట్లాడిన ప్రతి మాటా ఆ పూటకు ఆ పూటే చింతపండు నీళ్లతో తూములోకి పోయింది. ఆ బిందె మీద అతను ఎప్పుడూ లేడు. ఉన్నదంతా మేమే. అమ్మ పదకొండేళ్ల మాటలు, హైమ మాటలు, నా కరెంటు బిల్లు, నా కూరలో ఉప్పు. ఆ పిచ్చుకల కిచకిచ అంతా మా ఇల్లే. చిరాకేసి శబ్దం తగ్గించింది దాన్నే.

మిగిలిన అంచుల్లో వెతికాను. పిడికెడు చోటులో కొంచెం వాన దొరికింది. మాటలు దొరకలేదు.

జుబేదా వచ్చి చూసి యంత్రం ఆపేసింది. బిందె బల్ల మీద కొత్త పెళ్లికూతురిలా ఎర్రగా మెరుస్తోంది. మెడ చుట్టూ ఒక్కో చుక్కా నిన్న కొట్టించినట్టు తేటగా ఉంది. కామేష్ – హైమ. ఆ పేరును ఎవరూ ఇంత శుభ్రంగా తోమి ఉండరు.

హైమ సాయంత్రం వచ్చేసరికి బిందె వంటింటి గట్టు మీద పెట్టి, పక్కనే పీట మీద కూర్చున్నాను. అమ్మ పీట. అబద్ధం సిద్ధంగా ఉంది. ఏమీ రాలేదు అంటే అయిపోతుంది. ఆమె ప్రసాదం పొట్లం చేతిలోనే పట్టుకుని బిందెను చూసింది. ముందు మెడ చూసింది, తర్వాత నన్ను.

"పెట్టేరా? నేను లేనప్పుడే పెట్టేరా?" అంది. వెంటనే మొహం విప్పారింది. "వచ్చిందాండి గొంతు?"

"ఎవరి గొంతు?" అన్నాను. వారం క్రితం అడగాల్సిన మాట.

"ఎవరిదేంటండి. అత్తయ్యది. ఆవిడ ఎప్పుడూ ఈ అలమర కిందే కదా కూర్చునేవారు. 'ఏమే' అనేవారు చూడండి, ఆ 'ఏమే' గుర్తు రావట్లేదు నాకు. మా అమ్మ కూడా నన్ను అలా పిలవలేదు." పొట్లం గట్టు మీద పెట్టి చేతులు కొంగుకు తుడుచుకుంది. "ఏదీ, వినిపించండి."

సిద్ధం చేసుకున్న అబద్ధం నోట్లోంచి రాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఎవరనుకున్నానో, ఎందుకు తొందరపడ్డానో, రికార్డరు ఎందుకు ఆన్ చెయ్యలేదో. వేగంలో ఎంత పోయిందో. హైమ నిలబడే విన్నది. మధ్యలో ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

"ఆఖర్న ఏం అన్నారావిడ?" అంది చివరికి.

చెప్పడం మొదలుపెట్టాను. "ఏమే, అన్నీ తోమి..." నా గొంతులో ఆ మాట ఎండుకొబ్బరిలా రాలింది. మళ్లీ ప్రయత్నించాను. అమ్మ దీర్ఘం తీసేది, నాకు రాలేదు. అయినా హైమ కళ్లు మూసుకుని చివరిదాకా విన్నది. "పాడైతే అయిందిలెండి" అన్న తన మాట దగ్గర తల ఊపింది. మూడు రోజులు అన్నం మానేసిన దగ్గర అమ్మ నవ్విందని చెబితే, "ఎలా నవ్వేరు?" అని అడిగింది. నవ్వి చూపించడం నావల్ల కాలేదు.

ఆమె డబ్బాలోంచి చింతపండు తీసింది. నిమ్మకాయంత ఉండ చేసి, ఉప్పు అద్ది, కింద కూర్చుని బిందెను ఒళ్లోకి లాక్కుంది.

"శుభ్రంగానే ఉంది కదా. ఇంకేం తోముతావు?" అన్నాను.

"రోజూ తోమితేనే ఉంటాదండి శుభ్రంగా" అంది. "పద్నాలుగేళ్లు మీ కోసం మానేశాను. ఇంక మాననండి."

మెడ దగ్గర మొదలుపెట్టింది. ఒక్కో చుక్క మీదా వేలు తిప్పుతూ, తొందర లేకుండా. నేను ఆమె చేతుల వైపు చూడకుండా ఉండాలని ప్రయత్నించాను. చూశాను.

ఇది జరిగి ఏడాదైంది. బిందె ఇప్పుడు మంచినీళ్ల గట్టు మీదే ఉంటుంది. హైమ రోజూ పొద్దున్నే నా ఎదురుగా కూర్చుని తోముతుంది. కోపంగా ఉండదు, నాతో బాగానే మాట్లాడుతుంది. నేనూ ఆ పక్కనే పీట వేసుకుని మాట్లాడుతుంటాను, పేరు పెట్టి పిలవడం కూడా నేర్చుకున్నాను. ఆ మాటలన్నీ ఏ పూటకు ఆ పూట చింతపండు నీళ్లతో తూములోకి పోతాయి. కామేష్ గొంతు ఎలా ఉండేదో నాకు ఇప్పటికీ తెలియదు.